ఎద్దుల డబ్బాలో గెనుసు తీగ

జమ్రూద్‌బీ దగ్గర గెనుసుగడ్డ తినాలంటే పెనుకొండ బస్టాండులో బస్సు దిగి తీరాలి. కిటికీలోంచి చెయ్యి చాపే వాళ్లకు ఆమె అమ్మదు.

"గడ్డ పొగలు కక్కుతాండాది. దిగొచ్చి కూర్చోని తిను. బస్సులో నమిలేదానికి ఇవేమన్నా బఠాణీలా?" అనేది.

జనం దిగేవాళ్లు. డ్రైవర్లూ దిగేవాళ్లు. డ్రైవరే దిగి కూర్చున్నాక బస్సెక్కడికి పోతుంది? హిందూపురం నుంచి ధర్మవరం పోయే బస్సులు పెనుకొండలో కాస్త ఎక్కువసేపు ఆగడానికి కారణం జమ్రూదేనని ఊళ్లో అనుకునేవాళ్లు. ఆమె కాదనేది కాదు. ఒకసారి కోస్తా నుంచి వచ్చిన ఆఫీసరొకాయన గడ్డ చేతిలోకి తీసుకుని, మా వైపు దీన్ని చిలగడదుంప అంటామన్నాడు. "పేరు అంత పొడుగుంటే అనేలోపల చల్లారిపోతాది సారూ, తిను" అంది.

ఆమె గడ్డ నిజంగానే వేరు. పైన తోలు దానిమ్మగింజ ఎరుపు, లోపల గుడ్డుసొన రంగు. కుండలో అడుగున నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి, పైన తడిగోనె కప్పి ఉడికిస్తే తేనె పట్టినట్టు పాకం కారేది. ఆ తీగను ఆమె అత్త హసీనాబీ పెళ్లయి వచ్చేటప్పుడు అమరాపురం నుంచి తడిగుడ్డలో చుట్టుకుని తెచ్చిందట. అత్త పోయింది, తీగ మిగిలింది. కొండ కింద బావి దగ్గరున్న చిన్న మడిచెక్కలో జమ్రూద్ దాన్ని పెంచేది. గెనుసుకు తీగే విత్తనం. గడ్డ దాచి నాటుదామంటే పురుగు పట్టి చెడుతుంది. అందుకని ఏటా ఎండాకాలం ఒక మూల తీగను బతికించుకుని, వానలు పడగానే ముక్కలు కోసి నాటుకోవాలి. బావిలో నీళ్లడుగంటితే జమ్రూద్ ఇంట్లో అందరి స్నానాలూ ఆ తీగ మీదే జరిగేవి.

ఆమెలో ఒకటే లోపం. తీగ ముక్క ఎవరికీ ఇచ్చేది కాదు. కూతురినైనా ఇస్తుందేమో గాని తీగనివ్వదని ఆమె మొగుడు మస్తాన్ అనేవాడు. మస్తాన్ జట్కా తోలేవాడు. రైలు స్టేషన్ ఊరికి దూరం కాబట్టి ఆటోలు రాని ఆ రోజుల్లో అతనికి, అతని గుర్రానికి బాగానే గడిచేది. గుర్రం పేరు నవాబు. పేరుకు తగ్గట్టే దానికి ఆకలెక్కువ, పని తక్కువ.

ఎనభై మూడులో గౌరి ఆమె దగ్గరికి వచ్చింది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే గోవిందరాజులు కూతురు. హిందూపురం కాలేజీలో మొక్కల పాఠం చెప్పేది. శనివారం ఇంటికి పోతూ పెనుకొండలో దిగి గడ్డ తినేది. తింటూ తోలు వలిచి చూసేది, వాసన చూసేది, గోరుతో గీరేది.

"తినేదానికేనా, పెళ్లిచూపులకొచ్చినావా?" అని అడిగింది జమ్రూద్.

గౌరి నవ్వి అసలు సంగతి చెప్పింది. ఆమె పెద్ద చదువు కోసం పరిశోధన చేస్తోంది. ఇలాంటి పాతరకం గడ్డలు ఒక్కొక్కటే మాయమైపోతున్నాయి. తీగ కొసన ఆవగింజంత మొగ్గను తీసి, గడ్డకట్టించి దాచిపెడితే ఎన్నేళ్లయినా అట్లాగే ఉంటుందని, కావాల్సినప్పుడు తీసి మళ్లీ మొక్కను చేసుకోవచ్చని ఆమె ఆశ.

జమ్రూద్ పొయ్యి ఎగదోస్తూ విని, "గెనుసుకు చలి పడదు పాపా" అంది. "ఒకసారి సోడాకొట్టోని ఐసుపెట్టెలో ఇన్ని గడ్డలు పెడితే నల్లగై చచ్చినాయి. ఇంక గడ్డకట్టిస్తే బతుకుతాదా?"

"అదే కష్టమక్కా. గోధుమలయితే ఎట్లన్నా దాచొచ్చు. మన ఉడుకుదేశం గడ్డలకు చలంటే భయం. అందుకే నాకు ఇదే పని ఇచ్చినారు."

"మీ సార్లకు నీ మీద ఏదో కోపం ఉండాది" అంది జమ్రూద్.

కాని ఆ మాటేదో ఆమెకు నచ్చింది. ఎండాకాలం ఎవరూ నీళ్లు మోయకుండా తీగ నిద్రపోతుందంటే ఎవరికి చేదు? పైగా గౌరి అడిగింది ఆవగింజంత. అంత చిన్నది ఇస్తే ఇచ్చినట్టు కూడా ఉండదు. అదెక్కడ దాస్తారో తన కళ్లతో చూస్తేనే ఇస్తానంది. మరుసటి వారమే హిందూపురం బస్సెక్కింది.

గౌరి ఆమెను కాలేజీకి కాకుండా పశువులాసుపత్రికి తీసుకుపోయింది. కాలేజీలో గాజుగొట్టాలున్నాయి గాని అంత చలి లేదు. ఊరు మొత్తానికి ఆ చలి ఉన్నది ఒక్క పశువులాసుపత్రిలోనే. పాలక్యానంత పెద్ద అల్యూమినియం డబ్బా, దాని నిండా ద్రవ నైట్రోజన్. కాంపౌండరు ఓబులేసు మూత తీయగానే తెల్లటి పొగ లేచి, పైకి పోకుండా పక్కలకు జారి నేలమీద పారింది. జమ్రూద్ రెండడుగులు వెనక్కి వేసింది.

"నిప్పు లేకుండా పొగేందప్పా?"

"ఇది చలిపొగ బూబమ్మా. వేలు పెట్టినావంటే కట్టెపుల్ల మాదిరి ఇరిగిపోతాది" అన్నాడు ఓబులేసు గర్వంగా, ఆ చలిని తనే కన్నట్టు.

"మనం పీల్చే గాలేనక్కా. మరీ చల్లబడి నీళ్లయింది" అంది గౌరి.

లోపల సన్నటి గొట్టాలు కట్టలు కట్టి వేలాడుతున్నాయి. అవేమిటని జమ్రూద్ అడిగింది. ఓబులేసు గౌరి వైపు చూశాడు, గౌరి గోడ వైపు చూసింది. చివరికి ఓబులేసే గొంతు సవరించుకుని, మేలుజాతి ఎద్దుల బీజమని, ఎదకొచ్చిన ఆవులకు సూది వేస్తారని చెప్పాడు.

జమ్రూద్ చెంగు మూతికి అడ్డం పెట్టుకుంది. బయటికొచ్చాక గౌరిని పక్కకు లాగి, "ఆటి పక్కనేనా మా అత్త తీగను పెట్టేది? రేపు మొలిస్తే కొమ్ములు గిమ్ములు వస్తాయేమో చూసుకోబ్బా" అంది.

వేరేవేరే గొట్టాలక్కా, ఒకదానికొకటి తగలవని గౌరి ఒట్టేసింది. జమ్రూద్ తీగకొసలు ఇచ్చింది.

ఆ సంగతి పెనుకొండకు ఆమె కంటే ముందే చేరింది. చెప్పిందెవరో తెలియదు గాని, జమ్రూద్ గడ్డల్లో ఎద్దు బలం కలుస్తోందని బస్టాండంతా పాకింది. వారం రోజులు పడుచువాళ్లు ఎగబడి తిన్నారు. ఆ తర్వాత వాళ్ల అమ్మలు వచ్చి తిట్టిపోశారు. గడ్డ తింటే రంకె వస్తుందా అని ఒకడు ఎగతాళిగా అడిగితే, "తినకముందే వేస్తాండావు కదా, నీకింకా గడ్డెందుకు?" అంది. దానితో ఆ గోల సద్దుమణిగింది.

మొదటిసారి పెట్టినవి ఒక్కటీ బతకలేదు. గౌరి తీసి వెచ్చబెట్టగానే నల్లగా నీరుగారిపోయాయి. ఆ కబురు చెప్పడానికి బస్సు దిగిన గౌరి ముఖం చూసి, జమ్రూద్ ముందు ఆమె చేతిలో గడ్డ పెట్టింది. తిన్నాక విషయం విని, "చచ్చినాయా? నేనప్పుడే చెప్తినే" అని నిష్ఠూరమాడింది. ఆడుతూ ఆడుతూనే ఎందుకు చచ్చాయని అడిగింది.

"మొగ్గలో నీళ్లుంటాయక్కా. అవి గడ్డకడితే సూదుల్లా అయి లోపలంతా చీరేస్తాయి."

"సోడాసీసా ఐసులో పెడితే పగిలినట్ల."

"అట్లే. ముందే నీళ్లు తగ్గించాల. చక్కెరనీళ్లలో ఊరబెట్టి, మెల్లమెల్లగా చల్లబెట్టి చూడాలనుకుంటాండా."

"ఉప్పులో మామిడికాయ ముడుచుకున్నట్ల ముడుచుకుంటాదా? అయితే పచ్చడి పెడ్తాండావన్నమాట." జమ్రూద్‌కు ఇప్పుడు సంగతి పూర్తిగా అర్థమైనట్టనిపించింది. పచ్చడికి సరుకు మంచిదుండాలి కదా అని, ఈసారి లేతకొసలు తానే ఏరి ఇచ్చింది. గౌరి వాటిని చక్కెరనీళ్లలో ఉంచి, ఐసు, ఉప్పు కలిపిన గిన్నెలో నెమ్మదిగా చల్లార్చి, ఎద్దుల డబ్బాలోకి దించింది. కొన్నింటిని వెంటనే తీసి చూడాలని అనుకుంది గాని పరీక్షల పని, పాఠాల పని అడ్డం వచ్చి ఆగిపోయింది.

ఎనభై అయిదులో వాన మొహం చాటేసింది. అంతకు ముందేడూ అంతంతమాత్రమే. పెనుకొండ బావుల్లో అడుగున బురద కనిపించింది. మడి బీటలు వారింది. జమ్రూద్ చివరకు ఒక్క తీగను పగిలిన తొట్టిలోకి మార్చి, ఇంటి వాకిట్లో నీడన పెట్టుకుని, బియ్యం కడిగిన నీళ్లు పోసి కాపాడింది. తీగ మెల్లగా అల్లుకుని తొట్టి అంచు దాటింది. కరువులో వీధి మొత్తానికి పచ్చగా ఉన్నది అదొక్కటే.

పచ్చగా ఉన్నది అదొక్కటే కావడమే దానికి ముప్పయింది. ఒక మధ్యాహ్నం మస్తాన్ గుర్రాన్ని వాకిట్లో విప్పి, కాళ్లు కడుక్కోవడానికి లోపలికి పోయాడు. ఎండిన వేరుశెనగ కట్టె నమిలి నమిలి నాలుక చచ్చిన నవాబు తొట్టి దగ్గరికి నడిచి, తీగను మొదలంటా పీకి తినేసింది. జమ్రూద్ బస్టాండు నుంచి వచ్చేసరికి దాని పెదవికి ఒక్క ఆకు మాత్రం అంటుకుని ఉంది.

ఆమె ఏడవలేదు, అరవలేదు. ఆ రోజు నుంచి మొగుడితో మాటలు మానేసింది. గుర్రాన్ని తప్పుబట్టలేదు, దానికి తెలియదు గదా అంది. చెప్పాల్సినవన్నీ దానితోనే చెప్పేది. "నవాబూ, మీ దొరకు చెప్పు, సంగటి చల్లారిపోతాండాది." "నవాబూ, మీ దొర చొక్కా చినిగింది, కుట్టేదానికి ఇస్తాడేమో అడుగు." మస్తాన్ కూడా జవాబులు గుర్రానికే చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో నవాబు చెవులు అటూ ఇటూ తిప్పేది.

అమరాపురానికి మనిషిని పంపి అడిగించింది. అక్కడ అందరూ వేరుశెనగకు, మల్బరీకి మారిపోయారు. అత్త తీగ సంగతి ముసలివాళ్లకే గుర్తుంది. ఊళ్లో ఎవరికైనా ఇచ్చి ఉంటే ఇప్పుడొక ముక్క దొరికేది. ఆ మాట ఎవరూ ఆమె ముఖం మీద అనలేదు. అనక్కర్లేదు, ఆమెకు తెలుసు.

మిగిలింది ఎద్దుల డబ్బా. జమ్రూద్ హిందూపురం పోయి గౌరి ముందు నిలబడింది. "నా తీగ నాకు ఇచ్చెయ్ పాపా."

లోపల ఉన్నవి బతికున్నాయో లేదో గౌరికే తెలియదు. తీసి పెంచడానికి కావాల్సిన మందులు బెంగళూరు నుంచి రావడానికి కొన్నాళ్లు పడుతుంది. ఈలోపల ఇంకో చిక్కు. డబ్బాలో ద్రవం రోజూ కొంత ఆవిరైపోతుంటుంది, మళ్లీ మళ్లీ పోయాలి. ఎక్కడో బందు జరిగి, ద్రవం తెచ్చే బండి రాలేదు. ఓబులేసు కర్ర ముంచి చూపించాడు. తడి అడుగున కొంచెమే ఉంది. అది అయిపోతే గొట్టాలు వెచ్చబడతాయి, ఎద్దులూ పోతాయి, గెనుసూ పోతుంది.

ధర్మవరం పశువులాసుపత్రిలో కాస్త ఎక్కువుందని, మనిషొస్తే చిన్న క్యాను నింపి ఇస్తారని కబురొచ్చింది. గౌరికి పరీక్షల డ్యూటీ. ఓబులేసు ఆసుపత్రి విడిచి కదలడానికి లేదు.

"నేను పోతా" అంది జమ్రూద్. క్యాను బరువు, ఆమె ఒక్కతే మొయ్యలేదు. ఇంటికి పోయి, "నవాబూ, మీ దొరను రేప్పొద్దున బండి కట్టొద్దని చెప్పు. ధర్మవరం పోవాల" అంది. పొద్దున్నే మస్తాన్ కొత్త లుంగీ కట్టుకుని వెంట నడిచాడు.

ధర్మవరంలో గౌరి తండ్రి గోవిందరాజులు మగ్గం గుంటలోంచి లేచి వచ్చి వాళ్లను ఆసుపత్రికి తీసుకుపోయాడు. దారిపొడుగునా కూతురి సంగతే. "మా వంశమంతా పట్టుపురుగును ఉడకబెట్టి బతికింది తల్లీ. ఈ పాప తీగను చల్లబెట్టి బతుకుతానంటాది. ఏం చదువో ఏమో. అది సరేగాని మొలుస్తాదంటావా?"

"మొలవకేం" అంది జమ్రూద్. అలా అనడం ఆమెకే ఆశ్చర్యమైంది.

తిరుగు ప్రయాణంలో బస్సు కిక్కిరిసి ఉంది. క్యాను మధ్య దారిలో పెట్టుకుని ఇద్దరూ నిలబడ్డారు. కండక్టరు సంజీవప్ప జనాన్ని తోసుకుంటూ వచ్చి క్యానును కాలితో తట్టాడు.

"ఏందమ్మా ఇది? సారాయా?"

"గాలి" అంది జమ్రూద్.

"గాలికి క్యానెందుకు?"

"చల్లబడి నీళ్లయిందంట. చదువుకున్నోళ్లు చెప్పినారు."

"నాతో యేషాలొద్దు. మూత తియ్, చూస్తా."

"వద్దప్పా, తీసేది కాదు."

"తీస్తావా, బస్సు ఆపల్లా?"

జమ్రూద్ మస్తాన్ వైపు చూసింది. మస్తాన్ క్యాను వైపు చూశాడు. ఆమె కొంగు చేతికి చుట్టుకుని మూత కాస్త లేపింది. తెల్లటి పొగ బుస్సుమంటూ దొర్లి, సీట్ల కింద నుంచి పారి, అందరి కాళ్లనూ చుట్టుకుంది. ఎవరో "దయ్యం" అన్నారు, ఇంకెవరో "బాంబు" అన్నారు. బస్సు ఆగడం, జనం దూకడం ఒకేసారి జరిగాయి. అందరికంటే ముందు దూకింది సంజీవప్ప.

జమ్రూద్ మూత వేసి, కిటికీ పక్క సీటులో తీరిగ్గా కూర్చుంది. మస్తాన్ కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. బయట పొలంగట్టు మీద నిలబడి జనం బస్సు వైపే చూస్తున్నారు. డ్రైవరు జమ్రూద్ గడ్డలు తిన్నవాడే, ఆమెను గుర్తుపట్టి కిందనుంచే, ఇంకేమీ చెయ్యదు కదా అని అడుగుతున్నాడు.

మస్తాన్‌కు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూశాడు, భుజాలు ఊగిపోయాయి. జమ్రూద్ కిటికీలోంచి బయటికి చూస్తూ పెదవి బిగబట్టింది. చివరికి ఆమె కూడా నవ్వింది.

"నీ గుర్రం సచ్చినా నేర్చుకోదు, ఈ కండక్టరూ నేర్చుకోడు" అంది. కొన్ని నెలల తర్వాత మొగుడితో నేరుగా అన్న మొదటి మాట అది.

మిగతా దారంతా మస్తాన్ ఏదేదో మాట్లాడుతూనే ఉన్నాడు, గుర్రం లేకుండా మాట్లాడే అవకాశం మళ్లీ పోతుందేమోనన్నట్టు. సంజీవప్ప మాత్రం హిందూపురం దాకా ఫుట్‌బోర్డు మీదే నిలబడి వచ్చాడు.

డబ్బా నిండింది. మందులు బెంగళూరు నుంచి వచ్చాయి. గొట్టాలు తీసే రోజున జమ్రూద్ ఉండాల్సిందేనని పట్టుబట్టి వచ్చింది. గౌరి ఒక గిన్నెలో పసిబిడ్డకు పోసే నీళ్లంత వెచ్చటి నీళ్లు పెట్టి, గొట్టాలు తీసి అందులో ముంచింది. మొగ్గలను సన్నటి పట్టకారుతో పట్టి, జున్నులా గడ్డకట్టిన మందు మీద కూర్చోబెట్టింది. జమ్రూద్ వంగి వంగి చూసింది. ఏమీ కనిపించలేదు.

"దీంట్లో నా తీగ యాడుండాది?"

"అదో, ఆ చుక్క."

"అదా?" అని ఆమె ఇంకా కిందికి వంగి చూసింది. లోగొంతుతో దువా చదివింది. గౌరి కూడా కళ్లు మూసుకుంది, ఏ దేవుణ్ణి తలుచుకుందో ఆమెకే తెలియాలి.

మొదటి వారంలో దాదాపు అన్నీ గోధుమరంగుకు తిరిగాయి. జమ్రూద్ బుధవారం వచ్చి చూసి వెళ్లిపోయింది. తర్వాతి బుధవారం ఇంకా నల్లబడ్డాయి. ఆ పైవారం గౌరే కాలేజీ గేటు దగ్గర నిలబడి ఉంది. బస్సు దిగిన జమ్రూద్‌ను చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. ఒక్క గొట్టంలో చుక్క ఆకుపచ్చగా ఉంది. సూదిమొనంత ఆకు విచ్చుకుంటోంది.

జమ్రూద్ దాన్ని చూసి చాలాసేపు నవ్వుతూనే ఉంది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, ఎవరూ అడగకుండానే అత్త కథంతా మొదటినుంచి చెప్పింది. అత్త ఎంత కోపిష్టిదో, ఎంత బాగా ఉడికించేదో, చచ్చేముందు కూడా తీగకు నీళ్లు పోశావా అని ఎలా అడిగిందో. గౌరికి క్లాసు ఉంది. పోలేదు.

ఆ మొలక గొట్టం నుంచి కుండీకి, కుండీ నుంచి మడికి వచ్చేసరికి మరుసటేడు వానలు పడ్డాయి. జమ్రూద్ మడి చుట్టూ ముళ్లకంప వేసింది. మస్తాన్ దానికి పైన ఇంకో వరస వేశాడు. చలికాలంలో తవ్వితే అదే ఎరుపు, అదే సొన. మొదటి గడ్డ ఉడకబెట్టి గౌరికి పెట్టి, తనొకటి కొరికింది.

"అదే రుచి" అంది గౌరి ఆత్రంగా. "కదాక్కా?"

"ఒక పిసరు తీపెక్కువ" అంది జమ్రూద్ నిదానంగా. "చక్కెరలో పెరిగిన పిల్ల మరి."

ఆ తర్వాత ఎవరొచ్చి అడిగినా తీగ ఇచ్చింది. కనగానపల్లి వాళ్లొచ్చారు, మడకశిర వైపు నుంచి వచ్చారు. ఇచ్చేటప్పుడు ఒక్కొక్కరికీ ఎలా నాటాలో, ఎలా ఉడికించాలో, ఏ కుండ పనికిరాదో చెప్పి విసిగించేది. గౌరికి ఇంకో ఊరు బదిలీ అయింది. పరిశోధన పూర్తయి పేరు ముందు డాక్టరు చేరింది. ఆ డాక్టరు ఎందుకొచ్చిందో ఊళ్లో చెప్పే బాధ్యత జమ్రూద్ తీసుకుంది. ఏడాదికోసారి గౌరి వచ్చి పలకరించి పోయేది.

తీగ తీసుకున్నవాళ్లలో నల్లమాడ తిప్పమ్మ అనే ఆమె ఉంది. మెట్టపొలంలో వేసిన ఆమె గడ్డలు మోచేతంత లావు దిగాయని ఎనభై ఎనిమిదిలో బస్టాండులో వార్త వచ్చింది. జమ్రూద్ నమ్మలేదు. నిద్ర కూడా సరిగా పట్టలేదు. చివరకు మస్తాన్‌ను వెంటబెట్టుకుని నల్లమాడ పోయింది. తిప్పమ్మ మర్యాద చేసి, మంచం వాల్చి, వేడివేడిగా ఉడికిన గడ్డ పెట్టింది. నిజంగానే మోచేతంత ఉంది.

జమ్రూద్ విరిచి చూసింది, వాసన చూసింది, కొంచెం నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. తిప్పమ్మ ఎదురుగా నిలబడి ఆమె ముఖమే చూస్తోంది.

"పెద్దవే" అంది జమ్రూద్. "రుచి మాత్రం..."

అని ఆగింది. ఇంకో ముక్క విరుచుకుంది. మస్తాన్ అటు తిరిగి దగ్గుతున్నాడు.

"రుచి మాత్రం ఏందక్కా?" అని అడిగింది తిప్పమ్మ.

"చెప్తా ఉండు" అని జమ్రూద్ మొత్తం గడ్డ తినేసి, చెయ్యి చాపి ఇంకోటి అడిగింది.